చెట్టు చెట్టునూ పలకరించండి

అయిదో రోజు కూడా నర్సమ్మ నోరు విప్పలేదు.

పొద్దున్నే లేచింది. వాకిలి ఊడ్చింది, బర్రెకు కుడితి పెట్టింది, జొన్నరొట్టెలు చేసింది. మొగుడి ముందు పళ్లెం పెట్టి చిన్న నవ్వు కూడా నవ్వింది. మాట మాత్రం లేదు.

యాదగిరికి ఆ నవ్వే ఒళ్లు మండించింది.

"ఏందే ఆ నవ్వు? ఆదివారం సంది సూస్తున్న. ఏం రోగమొచ్చింది నీకు? నోట్ల నాలుక లేదా?"

నర్సమ్మ రొట్టె మీద ఇంకొంచెం పచ్చడి వేసి లోపలికి వెళ్లిపోయింది.

అత్వెల్లిలో నర్సమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. ఆమె తన వాకిట్లో నిలబడి కొడుకును కేకేస్తే, మేడ్చల్ రోడ్డు మీద వేరే అన్వేష్‌లు ఎవరైనా ఉంటే వాళ్లు కూడా ఆగిపోతారు. కూరలో ఉప్పెక్కువైనా, కరెంటు పోయినా, సర్పంచి ఎన్నికల్లో ఎవడు ఓడినా ఆమె మాట్లాడాల్సిందే. అలాంటి మనిషి ఆదివారం పొద్దున మూసిన నోరు గురువారం దాకా తెరవలేదంటే ఇంట్లో మగవాళ్ల పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. తిట్టే మనిషి తిట్టకపోతే తాము ఏ తప్పు చేశారో వాళ్లకు తెలియడం లేదు పాపం!

"నాయినా, ఎల్లుండే ఉగాది," అన్నాడు అన్వేష్, సెల్‌ఫోను జేబులో పెట్టుకుంటూ. "కొనే పార్టీవాళ్లు మంచి ముహూర్తం సూసుకోని వస్తామన్నరు. అమ్మ గిట్లనే ఉంటే ఎట్ల? తోట అమ్మ పేరు మీదున్నది."

"సంతకానికి నోరెందుకురా? చెయ్యి సాలదా?" అన్నాడు యాదగిరి.

చాయ్ గ్లాసులు తీస్తున్న నయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ ఇంటికి కోడలై వచ్చి రెండేళ్లు. మామ మాటకు ఎదురు చెప్పిన రోజు లేదు.

"అత్తమ్మకు రోగమేం లేదు మామా," అంది మెల్లగా. "మంచిగనే ఉన్నది. మస్తు నిమ్మళంగ ఉన్నది. రాత్రి నాకు తలకు నూనె గూడ రాసింది."

"నీతోని మాట్లాడిందా?"

"లేదు. నేనే మాట్లాడిన. ఆమె విన్నది."

యాదగిరి రొట్టె సగంలో వదిలేసి లేచాడు. ఆయనకు దొంగ దొరికాడు. ఇదంతా కాలనీ మేడం పని! పన్నెండు రోజుల నుంచి పొద్దున్నే నర్సమ్మ అక్కడికే పోతోంది. కళ్లు మూసుకుని కూర్చోవడమట, వసంతాన్ని లోపలికి పిలవడమట. పోనీలే, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయేమో అని ఊరుకుంటే పెళ్లాం నోరే పోయింది.

సంచిలో పచ్చిమామిడికాయలు వేసుకుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. ఉత్త చేతులతో పంచాయితీకి పోవడం యాదగిరికి అలవాటు లేదు.

* * *

కామేశ్వరమ్మగారి ఇల్లు కాలనీలో మూడో వీధి. భీమవరం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి, భర్త కృష్ణారావు రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆ ప్లాటు అమ్మింది యాదగిరే. కాలనీలో సగం ప్లాట్లు ఆయన చేతుల మీదుగా వెళ్లినవే కాబట్టి ఏ ఇంటికి వెళ్లినా ఆయనకు కుర్చీ వేస్తారు.

"రండి రండి యాదగిరిగారూ," అన్నాడు కృష్ణారావు పేపరు మడుస్తూ. "ఏవిటీ, కాయలు కూడానా! ఏవోయ్, పచ్చడికి కాయలొచ్చాయి!"

కామేశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాదగిరి కూర్చోలేదు.

"మేడం, మీరు పెద్దోళ్లు. మీమీద నాకు మస్తు గౌరవం. గని మా ఇంటామెకు ఏం మందు పెట్టిన్రో జెప్పున్రి. అయిదు దినాలు. ఒక్క మాట లేదు."

"అయిదు రోజులా!" కామేశ్వరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యో రామ! నేను మౌనం పాటించమన్నది ఒక్క ఆదివారమేనండీ. పొద్దున మొదలుపెట్టి, సాయంత్రం దీపం పెట్టగానే మాట్లాడెయ్యమన్నాను. నేనే ఆరింటికి మాట్లాడేశాను."

"అయిదున్నరకే," అన్నాడు కృష్ణారావు.

"పాలవాడొస్తే ఏం చెయ్యమంటారు? సైగ చేస్తే రెండు లీటర్లు పోస్తాడు!" భర్తను కసిరి ఆవిడ యాదగిరి వైపు తిరిగింది. "మరి ఆవిడ రోజూ వస్తూనే ఉందే. నవ్వుతోంది, నమస్కారం పెడుతోంది. నేను ఏకాగ్రత అనుకున్నాను. నా మొహం. ఇంట్లో కూడా మాట్లాడ్డం లేదని నాకేం తెలుసు?"

యాదగిరి ఇప్పుడు కూర్చున్నాడు. దొంగ చేతికి దొరికినట్టే దొరికి జారిపోయాడు.

"మరెందుకు గట్ల జేస్తాంది?"

"నాకూ అర్థం కావటం లేదన్నయ్యగారూ." కాఫీ తెచ్చి ఇచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆయన్ను కొంచెం సంతోషపెడదామని, "సోమవారం మీ సంగతి అందరికీ చెప్పాను లెండి," అంది. "కొత్త వెంచరులో మా ధ్యానం హాలుకి స్థలం ఇస్తున్నారని. అందరూ ఎంత చప్పట్లు కొట్టారనుకున్నారు! ఎన్నాళ్లని మా మేడ మీద ఎండలో కూర్చోబెడతాను? ఇంతకీ ఆ స్థలం ఎక్కడండీ? సుచిత్ర సెంటరు నుంచి వచ్చేవాళ్లు అడుగుతున్నారు."

"మా ఇంటెనకనే. మామిడితోట లేదా? గదే."

కామేశ్వరమ్మ చేతిలో గ్లాసు ఆగింది.

"నర్సమ్మగారి తోటా? వాళ్ల పుట్టింటివాళ్లు ఇచ్చిన తోటా?"

"ఆ. పసుపు కుంకుమ కింద ఇచ్చిన్రు. రెండున్నర ఎకరాలు."

"ఆవిడకి తెలుసా?"

యాదగిరి కాఫీ తాగాడు. చాలాసేపు తాగాడు.

"ఉగాది నాడు జెప్దామనుకున్న. మంచి దినం గదా అని. ఆమెకేం తెలుస్తది మేడం గివన్ని? చుట్టుముట్టు అందరమ్మిన్రు. బోర్ల నీళ్లు లేవు. తోట గుత్తకు తీసుకునేటోడే దొరుకుతలేడు. పిల్లగాని బతుకు సూడొద్దా?"

ఆయన చెప్పినవి అబద్ధాలు కావు. నీళ్లు లేవు, కొడుక్కి వేరే పనీ లేదు. అన్నీ లెక్కలు వేసుకున్నాడు, ఒక్క మనిషిని తప్ప.

"కొలతలు వేయించారా?" కామేశ్వరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"శనివారం రాళ్లు పాతిచ్చిన."

ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అన్నయ్యగారూ, శనివారం పొద్దున ఏం జరిగిందో చెప్తాను వినండి. నేను ధ్యానంలో రోజూ ఒక మాట చెప్తాను. మీ మనసులో ఒక తోట ఉంది, గేటు తీసుకుని లోపలికెళ్లండి, చెట్టు చెట్టునూ పలకరించండి, కొత్త చిగురు కనిపిస్తే తాకి చూడండి, అని. అయ్యాక ఒక్కొక్కళ్లనీ ఏం చూశారని అడిగాను. ఒకావిడ గులాబీలంది, ఒకాయన కొబ్బరితోటన్నాడు. మీ ఆవిడ ఏవందో తెలుసా? మొదటి వరుస దాకే పోయానమ్మా, ఆ వెనక ఏ చెట్టు ఎక్కడుందో గుర్తుకు రాలేదు, అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది."

యాదగిరి తలెత్తాడు. నర్సమ్మ ఏడవడం ఆయన చూసి చాలా కాలమైంది.

"నేనే నవ్వి, మీకు నిజం తోటే ఉంది కదండీ, రేపు మౌనంగా వెళ్లి చూసి రండి అన్నాను. నేనే పంపానండీ. ఆదివారం."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

"మళ్లీ సోమవారం ఆవిణ్ణి ముందు వరుసలో కూర్చోబెట్టుకుని నేను హాలు సంగతి చెప్పాను," అంది కామేశ్వరమ్మ. ఆవిడకు ఏడుపు వచ్చేసింది. "ఆవిడ తోట కొట్టేసి మాకు హాలు కడుతున్నారని ఆవిడ మొహం మీదే చెప్పినట్టయింది, పైగా చప్పట్లు కొట్టించాను! ఆ హాలు నాకొద్దండీ. మేడ మీద ఎండే నయం."

"నువ్వు తెలిసి చేశావా ఏమిటి," అన్నాడు కృష్ణారావు. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి ఇప్పుడు చెయ్యలేదు.

"అన్నయ్యగారూ, ఈ అయిదు రోజుల్లో ఆవిణ్ణి మీరేం అడిగారు?" అంది కామేశ్వరమ్మ కళ్లు తుడుచుకుని.

"ఏం రోగమే అనడిగిన. ఎవలు నేర్పిన్రే అనడిగిన. దవాఖానకు వోదామా అని గూడ అడిగిన!"

"నీకేం కావాలి అని?"

యాదగిరి సంచి మడతపెట్టుకుంటూ లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూశాడు.

"గది ఎప్పుడన్న అడుగుతరా మేడం, ఇంటామెను?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగినట్టున్నాడు.

* * *

ఆదివారం నాటి సంగతి నర్సమ్మ ఎవరికీ చెప్పలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

మామిడితోటల సంగతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పూత మీదుండగానే తోటను గుత్తకిచ్చేస్తారు. ఇక కాయ దిగేదాకా అది గుత్తదారుది. వాడు చుట్టూ కంప వేస్తాడు, కాపలావాణ్ణి పెడతాడు. తోట గలామె అయినా సరే, పచ్చడికి నాలుగు కాయలు కావాలంటే అడిగి తెచ్చుకోవాలి. నర్సమ్మకు ఒకరిని అడగడం చేతకాదు. అందుకని పోవడమే మానేసింది. పదకొండేళ్లయింది. పశువులకు గడ్డి కోసం మొదటి వరుస దాకా వెళ్లేది, అక్కణ్నుంచే తిరిగొచ్చేది. ఈ ఏడు గుత్తకు ఎవరూ రాలేదని యాదగిరి విసుక్కున్నాడు గానీ, అంటే తోట మళ్లీ తన చేతికొచ్చినట్టేనని ఆమెకూ తట్టలేదు.

ఆదివారం తట్టింది. గేటు తీసుకుని లోపలికి నడిచింది. కాలనీ మేడం చెప్పినట్టే చెట్టు చెట్టు దగ్గరా ఆగింది. రెండో వరుసలో వాళ్ల నాయిన తన చేత్తో అంటు కట్టిన బేనిషాన్ చెట్టు నిండా పిందెలున్నాయి. మూడో వరుసలో, చచ్చిపోయిందని అందరూ వదిలేసిన చెట్టు మొదట్లోంచి ఎర్రటి చిగురు వేసింది. నర్సమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. ఎంత సంతోషమైందో! పెళ్లయిన కొత్తలో ఇదే చోట సద్దిమూట విప్పుకుని తిన్నది, అన్వేష్‌ను చీర ఉయ్యాలలో వేసింది, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మోకాళ్ల నొప్పి మర్చిపోయింది.

ఆ సంతోషంలోనే నాలుగో వరుసకు తిరిగి హద్దురాయికి కాలు కొట్టుకుంది. రాయికి ఎర్రరంగు ఇంకా పచ్చిగా ఉంది. తలెత్తి చూస్తే తోటంతా రాళ్లే.

అక్కడే కూలబడింది. కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. ఇంటికి పోయి అత్వెల్లి మొత్తం వినేలా అరవాలనిపించింది. లేచి నాలుగు అడుగులు వేసింది కూడా. అప్పుడు ఆగింది. ముప్పయ్యేళ్లుగా అరుస్తూనే ఉంది కదా. రోడ్డు పక్క పొలం అమ్మినప్పుడు అరిచింది. కాలనీకి భూమి ఇచ్చినప్పుడు అరిచింది. ఆమె అరుస్తుంటే యాదగిరి కండువా దులుపుకుని బయటికి పోతాడు, ఆమె అలిసిపోయాక వచ్చి అన్నం తింటాడు. ఆమె అరుపు ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టింది. మాట్లాడొచ్చు. మాట్లాడలేదు. ఒక్కళ్లయినా అడిగితే అప్పుడు చెప్దామనుకుంది.

చిత్రమేమిటంటే, రోజులు గడిచేకొద్దీ కోపం తగ్గింది. పొద్దున మేడ మీద కళ్లు మూసుకుంటే ఇప్పుడు తోట చివరి వరుస దాకా కనిపిస్తోంది. ఏ చెట్టు ఎక్కడుందో తెలుసు. అందుకే ఆ నవ్వు. యాదగిరిని ఉడికించడానికి నవ్వలేదు, నమ్మండి.

* * *

శుక్రవారం కామేశ్వరమ్మ నర్సమ్మ ఇంటికి వచ్చింది. చేతులు పట్టుకుంది.

"నర్సమ్మగారూ, నాకు తెలీదండీ. తెలిస్తే ఆ హాలు ఊసే ఎత్తేదాన్ని కాదు. రేపు మన ధ్యానం తరగతులకు ఆఖరి రోజు. మేడ మీద వద్దు, మీ తోటలో కూర్చుంటాం. కూర్చోవచ్చా?"

నర్సమ్మ ఆవిడ కళ్లు తన కొంగుతో తుడిచి, సరేనని తలూపింది. యాదగిరి గడప అవతల నిలబడి అంతా విన్నాడు. అన్వేష్ ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

ఉగాది పొద్దున ఆరింటికి పాతికమంది దాకా వచ్చారు. చాపలు, దుప్పట్లు పట్టుకొచ్చారు. నయన ఇంట్లోంచి పెద్ద జంపఖానా తెచ్చి పరిచింది. గాలిలో వేపపూత వాసన. ఆ రోజు అదృష్టం బాగుండి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి లేదు.

"మామా, మీరు గూడ కూసోన్రి," అంది నయన.

"నేనా? నాకెందుకు గవన్ని?" అన్నాడు యాదగిరి. అంటూనే చెప్పులు విడిచాడు.

కామేశ్వరమ్మ గొంతు మెల్లగా మొదలైంది.

"ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. వదలండి. ఏడాది పాటు మోసినదాన్ని ఇక్కడ దించెయ్యండి. ఎండిన ఆకుని చెట్టు పట్టుకుని కూర్చోదు. మీరూ వదిలెయ్యండి. ఇప్పుడు మీ తోట గేటు తియ్యండి. చెట్టు చెట్టునూ పలకరించండి..."

యాదగిరి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. తోటలోకి వెళ్లాడు. చెట్లు కనపడలేదు. ముప్పయ్యడుగుల రోడ్డు కనపడింది. ఎడమ పక్కన పధ్నాలుగో నంబరు ప్లాటు, తూర్పు ముఖం. పక్కన పదిహేను, కార్నర్ బిట్. చెట్లకోసం వెతికాడు. ముప్పయ్యేళ్లు ఈ తోట మీది పంట తిన్నాడు, ఒక్క చెట్టు యాదికొస్తలేదేందని లోపల్లోపల కంగారుపడ్డాడు. అక్కడ ఎక్కడో నర్సమ్మ ఉండాలి. ఆమెకోసమూ వెతికాడు. లేదు.

భయమేసి కళ్లు తెరిచాడు.

అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. నర్సమ్మ ఒక్కతే తెరుచుకుని ఉంది. ఆయన్నే చూస్తోంది.

యాదగిరి లేచాడు. చాపల మధ్య ఎవరినీ తొక్కకుండా, ఇంత లావు మనిషి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నర్సా."

ఆమె ఎదురుచూసింది.

"ఎండ కొడ్తాందా? నీడకు జరుగు," అన్నాడు. అది కాదు అడగాలనుకున్నది. గొంతు సవరించుకున్నాడు. పంచాయితీల్లో వందమంది ముందు తడుముకోని మనిషికి చెమటలు పట్టాయి. "నాకు చాతగాలేదే. అడుగుడు నాకు ఎర్కలేదు. నీకు జెప్పకుంట రాళ్లు పాతిచ్చిన, తప్పయింది." మళ్లీ ఆగాడు. "ఏం గావాలె నీకు?"

నర్సమ్మ పెదవులు కదిలాయి. ఆరు రోజులు వాడని గొంతు వెంటనే పలకలేదు.

"నడువు," అంది బొంగురుగా. "ముందుగాల చెట్లను సూపిస్త. అటెన్క మాట్లాడుకుందాం."

ధ్యానం చెప్తున్న కామేశ్వరమ్మ ఒక కన్ను తెరిచి చూసి, చప్పున మూసేసుకుంది.

ఇద్దరూ లేచి లోపలికి నడిచారు. ముందు నర్సమ్మ, వెనక యాదగిరి.

"గిది మా నాయిన కట్టిన అంటు. ముట్టుకో. సిగ్గెందుకయ్యా, ముట్టుకో."

ముట్టుకున్నాడు.

"గిది సచ్చిపోయిందన్నవు గదా? సూడు. మొదట్ల సూడు."

వంగి చూశాడు. "అరె! గిదెప్పుడు ఇగురు పెట్టింది?"

"నువ్వు కొలతలేస్తున్నప్పుడే."

ఆమె నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది, సిగ్గుతో పాటు. ఎన్నాళ్లయింది ఇద్దరూ ఇలా కలిసి నడిచి! ఆమె గొంతు నెమ్మదిగా తెరుచుకుంటోంది. అరవడం లేదు. చెప్తోంది. ఏ చెట్టు ఏ ఏడు నాటారో, ఏది పుల్లన, ఏది తీపి, ఏ కొమ్మకు పిల్లగాని ఉయ్యాల కట్టారో. యాదగిరి ఊ కొడుతున్నాడు. చివరి వరుసకు వచ్చాక నర్సమ్మ ఆగి ఆయన మొహంలోకి చూసింది.

"అడిగినవు గదా. ఇగ నేను జెప్త. కొడుకు బతుకు గూడ సోంచాయించే జెప్తున్న. మధ్యల లేవొద్దు. కండువ దులుపుకోని పోవద్దు. అంతా ఇనాలె."

"జెప్పు."

అప్పుడే గేటు దగ్గర కారు హారన్ వినిపించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. అన్వేష్ చెట్ల మధ్యనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నాయినా! పార్టీవాళ్లు వచ్చిన్రు. కాయితాలు తెచ్చిన్రు. ముహూర్తం ఎనిమిది గంటల దాకనే ఉన్నదట. జల్దీ రమ్మంటున్నరు!"

కొనేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టడం యాదగిరి జన్మలో ఎరగడు. అలవాటు కొద్దీ కండువా భుజం మీదికి తీసుకున్నాడు. రెండు అడుగులు కూడా వేశాడు. నర్సమ్మ కదల్లేదు. పిలవలేదు.

ఆయన ఆగి, భుజం మీది కండువా తీసి చెట్టు కింద పరిచి దానిమీద కూర్చున్నాడు.

"కూసోవెట్టు వాళ్లను," అన్నాడు కొడుకుతో. "మీ అమ్మ మాట్లాడుతాంది."